తెలిసిన గొంతు

తుపాకీ పట్టుకుని వచ్చేవాడి చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది పునిత. ఆ వచ్చేవాడు కట్టుకున్న మొగుడే కాబట్టి కాలరు దగ్గర చిన్న ముడత కూడా ఉండకూడదు. హాల్లో అత్తగారు కూర్మమ్మ ఫోనులో ఎవరికో గొప్పగా చెబుతోంది. "మా హేమనాథ్‌కి ఈయేళ ఫ్యాక్టరీలో ఏషం ఉన్నాది. అమెరికావోళ్ళు ఎయ్యమన్నారంట."

వేషం సంగతి నిజమే. మలేసియాలోని పెనాంగ్‌లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేసే ఆ ఫ్యాక్టరీ ఆస్పత్రులకి ట్యూబులు తయారుచేస్తుంది. ఈ మధ్యే దాన్ని ఒక అమెరికా కంపెనీ కొనుక్కుంది. కొన్నవాళ్ళు జీతాలు పెంచుతారేమోనని అందరూ ఎదురుచూస్తుంటే, వాళ్ళు ముందుగా ఒక డ్రిల్లు పంపారు. ఎవడైనా తుపాకీతో లోపలికి దూరి కాల్చడం మొదలుపెడితే పనివాళ్ళు ఏం చెయ్యాలన్నది ఆ డ్రిల్లు. అమెరికాలో తమ ఫ్యాక్టరీలన్నిటిలో చేయిస్తారట, కాబట్టి ఇక్కడా చెయ్యాల్సిందే. గేటు దగ్గర కాపలా ముసలాయన చేతిలో గొడుగు తప్ప మరొకటి ఉండని ఫ్యాక్టరీ ఇది. జేబులో ఒక్క తూటా దొరికినా ఏళ్ళ తరబడి జైల్లో కూచోవాల్సిన దేశం. బొమ్మ తుపాకీ పట్టుకున్నా పోలీసులు ఊరుకోరు కాబట్టి, స్టోరు సూపర్‌వైజరు హేమనాథ్ అట్టపెట్టెల మీద బార్‌కోడ్ చదివే స్కానరే తుపాకీ అనుకుని తిరగాలని తీర్మానించారు.

ప్యాకింగ్ సెక్షన్‌కి డ్రిల్లు వరకు లీడరుగా పునితని పెట్టారు. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే పనిచేస్తున్నా, ఆమెని ఎవరైనా ఒకదానికి లీడరు అనడం ఇదే మొదలు. డ్రిల్లు అయిపోయిందని సైరన్ మోగేదాకా గది తలుపు తెరుచుకోకపోతే సేఫ్టీ లీడరు ఉద్యోగం ఖాయంగా ఆమెదేనని మేనేజరు చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచీ పునితకి అన్నం సహించడం లేదు. భయంతో కాదు, సంబరంతో. బస్సులో నిలబడి పెదాలు కదుపుతూ తనలో తనే హుకుములు జారీ చేసుకుంటోంది.

ఇడ్లీ నములుతూ హేమనాథ్ నవ్వాడు. మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ళందరి అలవాటే. "మేనేజరుతో పందెం కట్టినాను లా. ఏ తలుపు తెరిసినా తెరవకపోయినా ప్యాకింగ్ తలుపు మాత్రం నేను పిలస్తే తెరుసుకుంటాదని సెప్పినాను. ఓడినోడు స్టోరోళ్ళందరికీ నాసి కాందార్ బోజనం పెట్టాల. నువ్వు తీసెయ్యి. నలుగుర్లో నా పరువు తియ్యకు."

"తీస్తే నాకు లీడరు పని రాదండి."

"లీడరై ఏటి సేస్తావు? సాయంత్రాలు మీటింగులంటారు. అమ్మకి అన్నం ఎవులు పెడతారు?"

పునిత చట్నీ వడ్డించింది. తలుపుల విషయంలో ఆ ఇంటి పద్ధతి ఆమెకి కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఏదో మాటకి మనసు కష్టమై గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే అతను స్క్రూడ్రైవరు తెచ్చి గొళ్ళెం ఊడదీశాడు. "మొగుడూ పెళ్ళాం మజ్జెన గొళ్ళెం ఏటే" అన్నాడు, ఎంతో ప్రేమగా. చుట్టాలంతా నవ్వితే తనూ నవ్వింది. ఇప్పటికీ స్నానాలగదిలో రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే చాలు, అత్తగారు తలుపు బాదుతుంది, "లోపల ఏటి సేస్తన్నావే, కూర మాడిపోతన్నాది" అని. పునిత చెవుల్లో సబ్బు నురగతోనే బయటికొచ్చేస్తుంది. ఎవరు పిలిచినా తియ్యడం చేతికి ఎంత అలవాటైందంటే, అది తను చేస్తున్న పని అని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అలాంటి మనిషికి తలుపు తియ్యకపోవడమే ఉద్యోగం అని చెబితే ఒళ్ళు ఝల్లుమనదూ మరి!

కిందటివారం శిక్షణ ఇచ్చింది డెబ్రా. అమెరికాలోని ఒహాయోలో కూచుని తెర మీద కనిపించే పెద్దావిడ. తన మనవరాలు బూట్ల లేసులు కట్టుకోవడం కన్నా ముందు, చీకటి గదిలో నోరు మూసుకుని కూచోవడం బడిలో నేర్చుకుందని చెప్పింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు గుండెల మీద చేతులేసుకున్నారు. పునిత పక్కన పనిచేసే తమిళ పిల్ల మోగన ఉండబట్టలేక లేచి, "మరి ఆ తుపాకులన్నీ గవర్నమెంటు తీసేసుకోవచ్చు కదా మేడం" అంది. డెబ్రా "మా ఇంట్లోనూ ఉందమ్మా" అంది. హాస్యమాడిందనుకుని అందరూ పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పింది. "వచ్చేవాడు ప్రతిసారీ ముక్కూమొహం తెలియనివాడే కాదు. లోపల పనిచేసే మనిషిని వెతుక్కుంటూ వచ్చిన మొగుడు కావచ్చు, విడాకులిచ్చినవాడు కావచ్చు. అందుకని తెలిసిన గొంతు పిలిచినా తియ్యకండి. సైరన్ ఒక్కటే నమ్మండి." ఆ మాటకి నవ్వులన్నీ ఆగిపోయాయి. తుపాకీ అమెరికాదే కావచ్చు, పిలిచే ఆ గొంతు మాత్రం అక్కడ కూచున్న ప్రతి ఆడదానికీ తెలుసు.

డ్రిల్లు మొదలైందని మైకులో వినపడగానే పునిత కేక వేసింది. "దీపాలు ఆర్పండి. బల్ల అడ్డం లాగండి. ఫోన్లు ఆపెయ్యండి." తన గొంతులో అంత బలం ఉందని ఆమెకే తెలియదు. నలుగురు ఆడవాళ్ళు బరువైన ప్యాకింగ్ బల్లని తలుపుకి ఆనించారు. మోగన తడి మాపు కర్రని ఈటెలా పట్టుకుని నిలబడింది. చీకట్లో ఎవరో కిసుక్కుమంటే మరొకరు వాళ్ళ నోరు మూశారు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో దొరకకుండా దాక్కున్నప్పుడు కొట్టుకున్నట్టు పునిత గుండె కొట్టుకుంటోంది. ఎన్నేళ్ళయింది తన గుండె ఇలా తన కోసం కొట్టుకుని!

బయట అడుగుల చప్పుడు. పక్క సెక్షన్ తలుపు తెరుచుకుంది, నవ్వులు వినపడ్డాయి. తర్వాత హేమనాథ్ వచ్చి ప్యాకింగ్ తలుపు మీద తట్టాడు.

"పునితా, నేనే. తియ్యి."

ఎవరూ కదల్లేదు.

"అయిపోయింది లా. అందరూ కేంటీన్‌కి ఎల్లిపోయినారు. మీరే మిగిలినారు."

పునిత చెయ్యి తనంతట తనే బల్ల మీదుగా గడియ దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఆమెని అడిగి వెళ్ళలేదు. మోగన ఆమె భుజం పట్టుకుని "అక్కా, తొరక్కాదీంగ" అంది చెవిలో. తియ్యొద్దని ఆ తమిళానికి అర్థం. పునిత చెయ్యి వెనక్కి తీసుకుని వీపుని బల్లకి ఆనించి కాళ్ళు తన్నిపట్టి కూచుంది.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి స్కానర్ ఎర్రదీపం లోపల గోడల మీద తిరిగింది. గొంతు మారింది. "ఏటే, సెప్తంటే ఇనపడదా? పదిమందిలో నన్ను ఎర్రోడ్ని సేస్తావా? ఇంటికి రావా నువ్వు?" తలుపు మీద కాలితో తన్నాడు. బల్ల కదిలింది. ఆ తన్ను డ్రిల్లులో లేదని లోపల ఉన్న అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరే వచ్చి పునిత పక్కన బల్లకి వీపులు ఆనించారు. ఆమెకి మాత్రం లోపల ఏదో ఉప్పొంగి, గట్టిగా నవ్వాలనిపించింది.

సైరన్ మోగింది.

అన్ని సెక్షన్ల వాళ్ళూ కేంటీన్‌లో చేరారు. గోడ మీది తెరలో డెబ్రా చప్పట్లు కొడుతోంది. సైరన్ దాకా నిలబడింది ప్యాకింగ్ ఒక్కటేనని మేనేజరు చెప్పాడు. స్టోరు కుర్రాళ్ళు హేమనాథ్‌ని చూసి నాసి కాందార్ ఎప్పుడని ఈలలు వేశారు. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసి, మొహం కందగడ్డలా అయిన హేమనాథ్ బలవంతంగా నవ్వాడు.

"ఏం లేదు మేడం" అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. "లోపల గోలలో మా ఆవిడ నా గొంతు పోల్చుకోలేదు. అంతే." ఆ మాట అని, అవునను అన్నట్టు పునిత వంక చూశాడు.

"నిజమేనా పునితా?" అడిగింది డెబ్రా.

ఇన్నేళ్ళలో అతను అందించిన మాటని పునిత ఎప్పుడూ కింద పడనివ్వలేదు. ఆమె లేచి నిలబడింది. అంతమందిలో ఇంగ్లీషు మాట్లాడడం ఎప్పుడూ లేకపోయినా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని నిదానంగా చెప్పింది.

"లేదు మేడం. బాగానే పోల్చుకున్నాను. వచ్చింది మా ఆయనే అని తెలిసే తియ్యలేదు."