అక్కకి కావాలన్న మాత్ర

మందుల షాపు తెరవగానే అల్మారా అద్దాలు తుడవడం ఆమె పని. ఫార్మసీ చదివింది ఆమే, లైసెన్సూ ఆమె పేరు మీదే ఉంది. అయినా షాపు మొగుడిది, తుడుపు ఈమెది.

ఆ ఉదయం కాలేజీ పిల్ల ఒకతి వచ్చి దగ్గు మందు అడిగింది. తీసిచ్చినా కదల్లేదు. లోపలి గదిలో డబ్బాలు సర్దుకుంటున్న ఆయన వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర కావాలంది.

“ఎవరికి?” అలా అడగాలని ఆయనే నేర్పాడు.

“మా అక్కకి.” పిల్ల చెవులదాకా ఎర్రబడింది.

ఆమెకి తికమకగా అనిపించింది. జ్వరం మందుకైతే మోతాదు కోసం అడుగుతుంది. దీనికెందుకు అడిగినట్టు? ఆ పిల్ల చేత అబద్ధం ఆడించడానికా?

“అయితే మీ అక్కతో చెప్పమ్మా. మూడు రోజుల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరైతే అంత మేలు. వేసుకున్న కాసేపటికే వాంతైతే మళ్ళీ రమ్మను. నెలసరి తేదీ దాటి వారమైనా రాకపోతే పరీక్ష చేసుకోమను.”

“తర్వాత... అక్కకి పిల్లలు పుట్టరా?”

“ఎందుకు పుట్టరూ? ఆ భయమేం పెట్టుకోవద్దను.”

పిల్ల ఊపిరి పీల్చుకుంది. వెళ్ళబోతూ ఆగి, “మీరెప్పుడైనా వేసుకున్నారా ఆంటీ?” అంది.

ఆమె నవ్వేసింది. పిల్ల వెళ్ళిపోయింది, ప్రశ్న మాత్రం వెళ్ళలేదు. పెద్దాడు చంక దిగకముందే మళ్ళీ కడుపొస్తుందేమోనని ఈ మాత్ర మాటెత్తితే, “సరుకు అమ్ముకోవడానికే, మింగడానికి కాదు” అని ఆయన ఎంత నవ్వాడు! చిన్నాడు కడుపులో పడ్డాక, “ఇద్దరూ ఒక్కసారే పెరిగిపోతార్లే” అంది అత్తగారు. వాళ్ళంతట వాళ్ళే పెరిగారా? మొన్న రాత్రి వద్దంది తను. అన్నదా, అనుకున్నదా? అంటే మరీ మెల్లగా అన్నదేమో. మొగుడి మీద ఇలాంటి లెక్కలేమిటని సిగ్గేసింది. సిగ్గు పడుతున్నందుకు ఒళ్ళు మండింది.

అదే మాత్ర ఇంకో పెట్టె తీసి చింపింది. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతుంటే ఆయన బయటికొచ్చాడు.

“ఏంటి, తలనొప్పా?”

“కాదండీ.” గ్లాసు కింద పెట్టింది.

“మొన్న రాత్రి నేను వద్దన్నాను. మీకు వినబడలేదా, మీరు వినలేదా?”