మేకుకు వేలాడిన ఉదయం

నేను ఒక స్టెతస్కోపుని. రెండు చెవులు, ఒక నల్ల గొట్టం, చివర పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దదైన ముఖం, ఇంతే నా ఒళ్ళు. వినడం నా పని. విన్నది చెప్పడానికి మాత్రం నాకు నోరు లేదు. ఎవరో ఒకరు నన్ను చెవుల్లో పెట్టుకోవాలి, లేకపోతే నేను విన్నదంతా నాలోనే ఉండిపోతుంది. ఒక ఉదయం అలాగే ఉండిపోయింది. ఆ సంగతి చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

నేను పుట్టింది అంబాలాలో, ఒక చిన్న కార్ఖానాలో. నన్ను బిగించిన పనివాడు ముఖం మీద గోటితో టిక్కుమని కొట్టి చూశాడు. నేను మొదట విన్న చప్పుడు అదే. అక్కణ్ణించి పెట్టెలో పడి కాకినాడ వచ్చి ఒక వైద్య విద్యార్థి మెడలో పడ్డాను. ఆ మహానుభావుడు నన్ను వేసుకుని టిఫిను హోటలుకీ సినిమాకీ కూడా వెళ్ళేవాడు. ఆ ఐదేళ్ళలో నేను గుండెలు విన్నది తక్కువ, హోటలు గోల విన్నది ఎక్కువ. చదువు పూర్తవగానే మెరిసే కొత్తదాన్ని కొనుక్కుని, నన్ను వాళ్ళ మేనత్త చేతిలో పెట్టాడు.

ఆవిడ డాక్టరు హైమవతి. జగన్నాథపురం వంతెన దగ్గర కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేది. మనుషుల డాక్టరు మెడ దిగి కుక్కల డాక్టరు మెడకెక్కానని మొదట్లో నేను చిన్నబుచ్చుకున్న మాట నిజం. కొన్నాళ్ళకి సిగ్గేసింది. మనిషి డాక్టరు ముందు కూర్చుని తన నొప్పి గురించి గంటసేపు చెబుతాడు, చెప్పి ఇంకా మిగుల్చుకుంటాడు. కుక్క చెప్పలేదు. పిల్లి అయితే దాచేస్తుంది, గిన్నె ముందు కూర్చుని తిననే తినదు, అంతే. అలాంటి వాటి దగ్గర నా అవసరం ఎక్కువని అప్పుడు తెలిసింది.

హైమవతి నన్ను ఎక్కువ రోజులు తన దగ్గర ఉంచుకోలేదు. నర్సు ఎస్తేరుకి ఇచ్చేసింది. ఎస్తేరు అంతకు ముందు ఒక ప్రసూతి ఆసుపత్రిలో చేసేది, పెళ్ళయ్యాక ఇటు వచ్చింది. "కోసేదాన్ని నేను, ప్రాణం చూసేదానివి నువ్వు. నా చేతులు చూడకు, దాని గుండె విను" అని హైమవతి మొదటి రోజే చెప్పింది. ఇంకో మాట కూడా ప్రతి ఆపరేషనుకీ చెప్పేది. "మత్తు వేరు, నొప్పి తగ్గడం వేరు ఎస్తేరూ. ముందు నొప్పికివ్వు, తరవాత నిద్దరపుచ్చు. నిద్దరోయినంత మాత్రాన ఒళ్ళు నెప్పిని మర్చిపోదు."

ఎస్తేరు శ్రద్ధగా నేర్చుకుంది. ఐదు నిమిషాలకోసారి నన్ను పెట్టి గుండె చప్పుళ్ళు లెక్కపెట్టి కాగితం మీద రాసేది. చిగుళ్ళ రంగు, దవడ బిగువు, కంటి నల్లగుడ్డు ఎటు తిరిగిందో చూసేది. వింటున్నంతసేపూ ఆమె కుడికాలి బొటనవేలు ఆ గుండెతో పాటే నేలమీద తాళం వేసేది. ఆమెకింకో అలవాటు కూడా ఉండేది. మత్తుమందు ఎక్కించే ముందు జంతువు చెవి దగ్గరికి వంగి దాని పేరు పిలిచేది. "ఎరగని చోట, ఎరగని చేతుల్లో కళ్ళు మూస్తన్నాయి కదండీ, ఆఖరికి దాని పేరన్నా వినపడాలి" అనేది. మెలకువ వచ్చేటప్పుడూ అంతే, ముందు పేరు. పద్నాలుగేళ్ళలో ఆ పిలుపు తప్పగా నేను చూడలేదు.

హైమవతి చూపు మందగించి పని మానుకుంది. డాక్టరు కిరీటి వచ్చాడు. చెయ్యి చురుకైనవాడు, మనసు చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. అతనితో పాటు ఒక యంత్రం వచ్చింది. నాలుక మీద క్లిప్పు పెడితే, కాళ్ళకి తీగలు తగిలిస్తే, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెరమీద ఆకుపచ్చ అంకెల్లో, వాటి పక్కన కదిలే గీతలో చూపించేది. కొత్తొక వింత, పాతొక రోత. ఎస్తేరు నన్ను గోడకున్న మేకుకి తగిలించింది. ఆమెకు నా మీద కోపమేమీ లేదు. చెవులకు కాస్త విశ్రాంతి దొరికిందనుకుంది, పాపం.

ఆ యంత్రానికి ఒక జబ్బు ఉండేది. నాలుక ఆరిపోతే క్లిప్పు జారేది, జారగానే కీచుమని అరిచేది. ఒక్కో ఆపరేషనులో పదిసార్లు అరిచేది. ఎస్తేరు మీట నొక్కి నోరు మూయించి, తడి గుడ్డతో నాలుక అద్ది, మళ్ళీ క్లిప్పు పెట్టేది. అలా రోజుల తరబడి చేసి చేసి, అది అరిస్తే క్లిప్పు జారిందనే అర్థం అన్న నమ్మకం ఆమె చేతుల్లోకి ఇంకిపోయింది.

ఆ ఉదయం కాజా వచ్చింది. బెల్లంపాకం రంగు ఊరకుక్క, తొమ్మిదేళ్ళది, పొదుగు దగ్గర గడ్డ. తీసుకొచ్చినావిడ వీరమణి, ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పదేళ్ళ కిందట జ్వరం వచ్చి ఆమెకు రెండు చెవులూ పోయాయి. తలుపు ఎవరైనా కొడితే కాజా వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతుంది. పొయ్యి మీద కుక్కరు కూస్తే లాగుతుంది. ఆమెకు లోకం వినపడేది ఆ కుక్క వల్లే.

"దీనికి నెప్పి తెలీదు కదమ్మా?" అని వీరమణి అడిగింది, వినపడనివాళ్ళ గట్టి గొంతుతో.

ఎస్తేరు ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు తెలిసేలా ఒక్కో మాటా పలికింది. "తెలీదమ్మా. నేను దగ్గరే ఉంటాను. నిద్దరపుచ్చేముందు పేరు పెట్టి పిలుస్తాను కూడా."

వీరమణి నవ్వి, కాజా ఛాతీ మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, బయట బల్ల మీద కూర్చుంది.

లోపల సంగతి వేరుగా ఉంది. ఆ పూట మూడు ఆపరేషన్లు. తాళం వేసి ఉంచే అల్మరాలో నొప్పి ఇంజక్షను నిండుకుంది. ఎస్తేరు ఆ ఖాళీ పెట్టె తెచ్చి చూపించింది.

"పర్లేదు ఎస్తేరు గారూ, మత్తు గ్యాసు కాస్త పెంచుదాం. ఒళ్ళు తెలీనప్పుడు నెప్పేం తెలుస్తుంది?" అన్నాడు కిరీటి, చేతులు కడుక్కుంటూ.

ఎస్తేరు నోరు తెరిచింది. హైమవతి మాట నాలుక చివరిదాకా వచ్చింది, నేను మేకు మీంచి చూస్తున్నాను. కానీ ఆమె ఏమీ అనలేదు. డాక్టరుకి ఎదురు చెప్పే అలవాటు నర్సులకి ఎవరు నేర్పారు కనక. గబగబా మత్తు సూది ఎక్కించింది. ఆ గాభరాలో, పద్నాలుగేళ్ళలో మొదటిసారి, చెవి దగ్గరికి వంగలేదు.

కత్తి తగలగానే అంకెలు ఎగిరాయి. నిద్రలో ఉన్నా ఒళ్ళు నొప్పికి ఉలిక్కిపడింది. గ్యాసు పెంచారు. మళ్ళీ ఎగిరాయి, మళ్ళీ పెంచారు. గడ్డ పెద్దది, పని తెమలలేదు. తరవాత అంకెలు మెల్లగా దిగడం మొదలుపెట్టాయి. "ఇప్పుడు కుదురుకుంది" అన్నాడు కిరీటి. అది కుదురుకోవడం కాదు, మునిగిపోవడం. ఆ తేడా నేను ఒక్క క్షణంలో చెప్పగలిగేదాన్ని.

యంత్రం కీచుమంది. ఎస్తేరు మీట నొక్కింది, నాలుక తడిపింది, క్లిప్పు పెట్టింది. మళ్ళీ కీచుమంది. మళ్ళీ నొక్కింది. తెరమీద గీత ఇంకా ఎగుడుదిగుడుగా కదులుతూనే ఉంది కనక ఆమె భయపడలేదు. గుండె కొట్టుకోవడం మానేశాక కూడా ఆ గీత కాసేపు అలా కదలగలదని యంత్రం ఎవరికీ చెప్పదు. మూడోసారి క్లిప్పు పెడుతూ ఆమె చిగుళ్ళు చూసింది. బూడిద రంగు. ఒక్క అంగలో గోడ దగ్గరికి వచ్చి నన్ను లాక్కుంది.

నేను కాజా ఛాతీకి ఆనుకుని విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఎస్తేరు బొటనవేలు నేలమీద ఒకసారి లేచి అలాగే ఆగిపోయింది.

గ్యాసు ఆపారు, ఛాతీ నొక్కారు, మందులు వేశారు. ఇరవై నిమిషాలు కిరీటి చెమటలు కక్కుతూ నొక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. చివరికి అతను గ్లౌజులు తీసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తరవాత ఆ అల్మరా ఖాళీగా ఉన్న రోజున అతను కత్తి పట్టలేదు.

వీరమణిని లోపలికి పిలిచారు. ఎస్తేరు పెదవులు కదిలించబోయింది. వీరమణి ఆమె ముఖం చూడనేలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి కాజా ఛాతీ మీద అరచెయ్యి వేసింది. రోజూ పక్కలో పడుకోబెట్టుకుని చెయ్యి వేసే చోటే. వెంటనే ఆమెకు తెలిసిపోయింది. చెవులున్న ఇద్దరికీ, కళ్ళున్న యంత్రానికీ అన్ని నిమిషాలు పట్టిన సంగతి ఆమె అరచేతికి అందడానికి అరక్షణం పట్టలేదు.

చెయ్యి తియ్యకుండానే ఎస్తేరు వైపు తిరిగి, "నిద్దరోయే ముందు దాని పేరు పిలిచావా అమ్మా?" అని అడిగింది.

ఎస్తేరు తల ఊపింది. పిలిచానన్నట్టు.

నేను ఆమె మెడలో ఉన్నాను. ఆమె గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

"పోనీలే, అదొకటి విని ఉంటాది" అంది వీరమణి. కాజా మెడలోని పట్టెడ తీసి చేతికి చుట్టుకుని ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటి తలుపు ఎవరైనా కొడితే ఆమెకెలా తెలుస్తోందో నాకు తెలియదు.

ఆ రోజునించి ఎస్తేరు నన్ను మేకుకు తగిలించలేదు. యంత్రం తన దారిన తను అంకెలు చూపిస్తుంది, ఆమె తన దారిన తను వింటుంది. పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి ముందు అరచెయ్యి ఆనించి చూడమంటుంది, తరవాత నన్నిస్తుంది, ఆ తరవాతే తెర. అల్మరా ఖాళీ అయితే, "నెప్పి మందు లేకుండా నేను నిద్దరపుచ్చనండి" అని డాక్టరు ముఖానే చెబుతుంది. కారణం మాత్రం ఎవరికీ చెప్పదు.

ఇప్పుడు నా గొట్టం పగుళ్ళిచ్చింది, ముఖం మీది పొర చిరిగింది. కిందటి నెల కొత్తది వచ్చింది. ఎస్తేరు నన్ను పారేయకుండా, ఆపరేషను గదిలోనే దూది డబ్బాల పక్కన అరలో పెట్టింది. ఇక్కణ్ణించి కూడా నాకు వినపడుతుంది. ప్రతి ఉదయం ఎస్తేరు బల్ల మీదికి వంగి, కుక్కో పిల్లో, దాని పేరు పిలుస్తుంది. ఆ తరవాత ఇంకా కిందికి వంగి, పక్కన ఉన్న ఆడపిల్లలకి కూడా వినపడనంత సన్నగా, ఇంకో పేరు పిలుస్తుంది.

"కాజా."