ఇద్దరు చూడాల్సిన ప్లేటు

ఇప్పుడు మా లాబ్‌లో ప్లేటుని మెషీను చదువుతుంది. లోపల పెట్టి మూత వేస్తే చాలు, అంకెలు తెర మీదికి వచ్చేస్తాయి. దానికి ఆకలి లేదు, విసుగు లేదు, ఎదుటి స్టూలు మీద కూర్చున్న మనిషంటే భయభక్తులు అసలే లేవు. మంచి మెషీనే, కాదనను. అయినా దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను చేరిన రోజుల్లో ప్లేటుని మనుషులే చదివేవారు. అందరిలోకీ బాగా చదివేది అక్కయ్య. సొంత అక్క కాదు, ఆస్పత్రిలో ఫంగస్ పరీక్షల గదికి పెద్ద టెక్నీషియను. పెద్ద డాక్టరుగారు కూడా ఆవిణ్ణి "అక్కయ్యగారూ" అనే పిలిచేవారు. కొత్తలో నేను "మీరు, మీరు" అంటుంటే రెండు వారాలు ఓర్చుకుని, "ఏమే, నేనేమన్నా మీ అత్తగారినా? నువ్వు అను" అని కసిరింది. ఆ రోజునుంచీ నువ్వే.

రెండో అంతస్తులో వరండా చివర ఉండేది మా గది. తలుపు తియ్యగానే పులిసిన పిండి వాసన. ఒక మూల ఇంక్యుబేటరు, కిటికీ కింద పొడవాటి బల్ల, దాని రెండు చివర్లా ఎదురెదురుగా రెండు స్టూళ్ళు. నా స్టూలుకి ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి పెట్టుకునేదాన్ని, ఊడ్చేవాళ్ళు వారానికోసారి దాన్ని పారేసేవారు, నేను వారానికోసారి వాళ్ళ మీద గయ్యిమనేదాన్ని. అక్కయ్య నవ్వేది. "నీకు ఓపికే లేదు, ఫంగస్ దగ్గర ఎలా చేరావే తల్లీ?" అనేది. నిజమే. బాక్టీరియా అయితే తెల్లారేసరికి పెరిగి కూర్చుంటుంది. ఫంగస్‌కి ఆ తొందర లేదు, దాని వీలు చూసుకుని వస్తుంది.

పని చెప్తే చిన్నదే. అరచేతి కంటే కాస్త పొడవైన ప్లాస్టిక్ ప్లేటు, దాన్నిండా తొంభై ఆరు చిన్న గుంటలు. ఒక వరసలో మందు ఒక్కో గుంటకీ రెట్టింపు అవుతూ పోతుంది: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. అన్నిట్లోనూ రోగి రక్తంలో దొరికిన ఈస్ట్ అనే ఫంగస్‌ని సమానంగా పోస్తాం. మందు లేని గుంట ఒకటి పక్కన ఉంటుంది, ఈస్ట్ పెరిగి అది బాగా మసకేస్తుంది. మర్నాడు దాంతో పోల్చి, మసక సగానికి పడిపోయిన మొదటి గుంట ఏదో చెప్పాలి. చిన్న అంకె వస్తే ఆ మందుకి రోగం లొంగుతుంది, పెద్దదొస్తే లొంగదు. చిక్కంతా ఆ "సగం" దగ్గరే ఉంది. సగాన్ని కొలవడానికి గీత లేదు, కన్నే గతి.

అందుకని డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. ఒకే ప్లేటుని ఇద్దరు విడివిడిగా చూడాలి. ఎవరి అంకె వాళ్ళు చీటీ మీద రాసి, మడిచి, రేకు డబ్బాలో వెయ్యాలి. పదకొండింటికి ఆయన వచ్చి విప్పుతారు. ఒక గుంట తేడా వస్తే పరవాలేదు. అంతకు మించితే మూడో మనిషిగా ఆయన చూస్తారు, పరీక్ష మళ్ళీ పెడతాం.

ముందు అక్కయ్య చూసేది. ప్లేటుని పైకెత్తి, తల ఒక పక్కకి వంచి, ఎడమ కన్ను కాస్త చికిలించేది. తర్వాత రాసేది. రాసేటప్పుడు ఆవిడ పెదాలు కదిలేవి. ఎదురుగా కూర్చున్నదాన్ని, చూడకుండా ఎలా ఉంటాను? చేరిన నెలకే ఆ పెదాల మీద ప్రతి అంకే నాకు తెలిసిపోయింది.

మొదట్లో దాన్ని తప్పనుకోలేదు. నాకు నాలుగో ఎనిమిదో తేలనప్పుడు ఆవిడ నాలుగంటే నాలుగే రాసేదాన్ని. ఆవిడ కన్ను మీద నాకు అంత గురి. డాక్టరుగారు చీటీలు విప్పి "భేష్, మళ్ళీ కలిశాయి" అంటే ఇద్దరం మురిసిపోయేవాళ్ళం. మధ్యాహ్నం తన డబ్బాలో కూర సగం నా మూత మీద పెట్టి, "నా కన్ను నీకొచ్చిందే పిల్లా" అనేది. నా జన్మకి అంతకంటే పెద్ద బిరుదు లేదనుకున్నాను.

మూడో ఏడు వచ్చేసరికి అక్కయ్య మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ట్యూబులైటు మార్పించింది. మార్చినా మసగ్గానే ఉందని ఎలక్ట్రీషియన్ని దులిపేసింది. ప్లేటుని కిటికీకి మరీ దగ్గరగా పట్టుకునేది. నాకు పదహారు కనిపించిన చోట ఆవిడ పెదాలు ఎనిమిది అనేవి. నేను ఎనిమిదే రాసేదాన్ని. ఇప్పుడది గురి కాదు. డాక్టరుగారి ముందు ఆవిడ చిన్నబోతే చూడలేనని రాశాను.

ఆ రోజుల్లో నెలలు నిండకుండా పుట్టిన ఒక పాప పిల్లల వార్డులో ఉండేది. రక్తంలో ఈస్ట్ దొరికింది. వాళ్ళ నాన్న దర్జీ. పొద్దున్నే మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చి మా తలుపు దగ్గర నిలబడేవాడు. "అమ్మా, ఆ గిన్నెల్లో ఏమన్నా తేలిందా?" అని అడిగేవాడు. అది గిన్నె కాదు ప్లేటని నేను రెండుసార్లు సరిదిద్దాను. అక్కయ్య మాత్రం "రేపటికి గిన్నె తేలుస్తుంది నాయనా, భోంచెయ్యి ముందు" అని పంపింది. పాపకి ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు ఎక్కిస్తున్నారు. అది పనిచెయ్యకపోతే కిడ్నీలకి బరువైన ఇంకో మందుకి మారాలి. ఊరికే మార్చలేరు, ఆలస్యం చేసినా ప్రమాదమే. వార్డు డాక్టరు మా అంకె కోసం కాచుకుని ఉన్నాడు.

మర్నాడు ప్లేటు తీశాం. ఈస్ట్ మెల్లగా పెరిగే రకం, మందు లేని గుంటలో కూడా మసక పల్చగానే ఉంది. అక్కయ్య కిటికీ దగ్గర చాలాసేపు చూసింది. కూర్చుంది, రాసింది. పెదాలు "రెండు" అన్నాయి.

నేను చూశాను. రెండులో మసక ఉంది. నాలుగులోనూ, ఎనిమిదిలోనూ ఉంది. పదహారుకి గానీ సగం కాలేదు. మళ్ళీ చూశాను. మూడు గుంటల తేడా! ఇన్నాళ్ళూ ఒక గుంట జరిగాను, ఒకసారి రెండు కూడా జరిగాను. మూడోది జరగడానికి చెయ్యి రాలేదు. ఆ దర్జీ మెడలో టేపే కళ్ళముందు ఆడుతోంది. పదహారని రాసి, మడిచి, డబ్బాలో పడేసి, అక్కయ్య మొహం చూడలేక సింకు దగ్గరికి పోయి కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాను.

డాక్టరుగారు విప్పారు. "అక్కయ్యగారు రెండు. అమ్మాయి పదహారు."

"పిల్లకి రాత్రి నిద్ర చాలలేదు. మళ్ళీ చూడమనండి" అంది అక్కయ్య నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ప్లేటు తీసుకుని తనే చూశారు, రెండుసార్లు. "పదహారే అక్కయ్యగారూ" అని మెల్లగా చెప్పి, వార్డుకి ఫోను చేశారు. పావుగంటలో పాపకి మందు మారింది. పరీక్ష మళ్ళీ పెడితే మర్నాడు కూడా పదహారే వచ్చింది.

ఆ మధ్యాహ్నం అక్కయ్య డబ్బా మూత తియ్యలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఈ మూడేళ్ళలో మన చీటీలు ఎన్నిసార్లు తేడా వచ్చాయే?"

"ఎప్పుడూ రాలేదక్కయ్యా."

"అదే ఆలోచిస్తున్నా. డాక్టరుగారూ నేనూ చూసిన రోజుల్లో నాలుగు ప్లేట్లకోసారి ఒక గుంట తేడా వచ్చేది. నీకూ నాకూ ఒక్కసారి కూడా రాకపోవడమేంటి? నేను గొణుక్కుంటూ రాస్తానని మా ఆయన ఎప్పుడూ ఏడిపిస్తాడు. నా నోరు చూసి రాశావా?"

తల ఊపాను. "నీ మీద నమ్మకంతో..."

"మొదట్లో నమ్మకం. తర్వాతో?"

"నీకు సరిగ్గా ఆనడం లేదనిపించింది. అందరి ముందూ నీ మాట పోతుందని..."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు కళ్ళు మసకేశాయని ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకే తెలీలేదు, దీపాల్ని తిట్టుకుంటూ కూర్చున్నా. తెలిసింది నీకొక్కదానికే. కానీ రోజూ పదకొండింటికి నీ చీటీ వచ్చి, నేను బాగానే చూస్తున్నానని చెప్పింది. నేను దాన్ని నమ్మానే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఊరుకోబెట్టలేదు. లేచి తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళి తనే అన్నీ చెప్పింది. ఆవిడ పెదాలు చూసి రాసిన సంగతి మటుకు నేనే వెళ్ళి చెప్పాను. ఆయన చేత ఎన్ని చీవాట్లు తిన్నానో ఇప్పుడు రాయడం అనవసరం.

ఆ ఏడాది ఫ్రీజర్లో దాచిన నలభై మూడు ఈస్ట్‌లనీ బయటికి తీసి మళ్ళీ పరీక్షించాం. డాక్టరుగారూ నేనూ చదివాం. అక్కయ్య చీటీ ముట్టలేదు, సీసాలకి లేబుళ్ళు అంటిస్తూ కూర్చుంది. ఒక్కటి తప్పు తేలింది, మందుకి లొంగుతుందని మేం రాసిచ్చింది లొంగలేదు. ఎవరో పెద్దావిడ. రికార్డుల గదిలో ఒక పూటంతా వెతికితే, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయని వార్డువాళ్ళు ఆ మందు అప్పుడే ఆపేసి వేరేది ఇచ్చారనీ, నయమై వెళ్ళిపోయిందనీ తెలిసింది. అక్కయ్య అక్కడే బెంచీ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు.

దర్జీ పాప నెలన్నరకి ఇంటికి వెళ్ళింది. అక్కయ్య సెలవు పెట్టి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ చేయించుకుంది. నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈ గోడలింత మురిగ్గా ఉన్నాయని నాకు ఒక్కళ్ళూ చెప్పలేదేమే?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆవిడేమో అదేం పట్టించుకోకుండా స్టూలు లాక్కుని, ప్లేటు కోసం చెయ్యి చాపింది. నేను నా స్టూలుని గోడవైపు తిప్పేసుకున్నాను. వెనకాల ఆవిడ కలం కదిలిన చప్పుడు విని, ప్లేటు అందుకుని, నాకు కనిపించింది నేను రాశాను.

పదకొండింటికి డాక్టరుగారు విప్పారు. అక్కయ్య నాలుగు. నేను ఎనిమిది.

ఒక గుంట తేడా, పరవాలేదు. అయినా నేను మళ్ళీ చూస్తానని ప్లేటు దగ్గరికి లేచాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రెండు చీటీలూ బల్లమీద పక్కపక్కన పెట్టి, వాటినే చూస్తూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"హమ్మయ్య" అంది. "ఇన్నాళ్ళకి ఈ గదిలో ఇద్దరం ఉన్నామే."