ఎదురుచూసే పిల్ల

"చేతులు మాత్రం వేరేవాళ్ళవి పెడదాంలెండి" అంది మారిసెల్, ఫోనులో నా ఫొటోలు జరుపుకుంటూ.

నేను కర్రపెండలం పిండిలో చీజు కలిపి రొట్టెలకి పిసుకుతున్నాను. ఆదివారం నా భర్త అవెలీనోతో పాటు మాల్వినాస్ దీవుల్లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం చేసినవాళ్ళు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మారిసెల్ మునిసిపాలిటీలో ఉత్సవాల పనులు చూసే అమ్మాయి. యుద్ధానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని ఏప్రిల్ రెండున నది ఒడ్డున విగ్రహం పెడుతున్నారు.

"విగ్రహంలో మీకు పదిహేడేళ్ళే కదా ఆంటీ. ముఖం మీ పాత ఫొటో చూసి చేస్తారు. చేతులకి మా చెల్లిని నిలబెడతా. మీవి మరీ పని చేసిన చేతుల్లా ఉన్నాయి."

ముఖం ఒకప్పటిది, చేతులు ఇంకొకరివి. మరి ఇందులో వీళ్ళకి నాది కావాల్సింది ఏమిటా అనుకున్నాను. పైకి మాత్రం, ఆకుల డబ్బా అందుకుని, "మాతే టీ తాగుతావా?" అని అడిగాను. అడగడం అలవాటు.

మా ఊరినుంచి ఆ దీవులకి వెళ్ళి చనిపోయినవాడు ఒక్కడే, క్రిస్పిన్. విగ్రహంలో అతను తుపాకీతో నిలబడి ఉంటాడు. పక్కన ఒక ఆడపిల్ల నది వైపు రుమాలు ఊపుతుంటుంది. కింద ఫలకం మీద "వీరుడు క్రిస్పిన్, అతనికోసం ఎదురుచూసిన జునిల్డా" అని రాస్తారు. జునిల్డా నేనే. క్రిస్పిన్‌తో నేను పండగలో రెండుసార్లు డాన్సు చేశాను. అంతకు మించి మా మధ్య ఏమీ లేదు. కానీ యుద్ధం ముగిసి వచ్చిన అవెలీనో, క్రిస్పిన్ తల్లి అపొలోనియమ్మ దగ్గరికి వెళ్ళి, "జునిల్డా అంటూ ప్రాణం వదిలాడు పెద్దమ్మా" అని చెప్పాడు. ఆ మధ్యాహ్నానికల్లా నేను వీరుడి పెళ్ళికూతుర్ని అయిపోయాను. కాదని ఎలా చెప్పను? ఒక పిల్లాడు ఆ మంచులో నా పేరు తలుచుకుంటూ పోయాడట. అతని ముఖం సరిగ్గా గుర్తుకు రావడం లేదని సిగ్గుపడి నేను ఏడిస్తే, ఊరు దాన్ని ప్రేమ అనుకుంది.

అప్పటినుంచి ప్రతి శనివారం అపొలోనియమ్మ ఇంటికి వెళ్ళి ఆవిడ కాళ్ళు కడిగి, గోళ్ళు తీసి, కొడుకు పటం ముందు కొవ్వొత్తి వెలిగించి వస్తాను. ఆవిడ నన్ను "కోడలా" అంటుంది. ఆరేళ్ళ తర్వాత నేను అవెలీనోని చేసుకుంటే పెళ్ళికి రాలేదు. ఆ వచ్చే శనివారం మాత్రం నా తల నిమిరి, "వాడు ఏమీ అనుకోడులే కోడలా. వాడి మనసు పెద్దది" అంది. నేను చేసిన తప్పేమిటో తెలియకుండానే నాకు క్షమాపణ దొరికింది. ఇక మా అసలు అత్తగారైతే వచ్చిన చుట్టాలందరికీ ఒకే మాట చెప్పేది: "చచ్చినోడి సొత్తు తెచ్చుకున్నాడు మావాడు. పగలకుండా వాడుకోవాలి మరి." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

సైనికుల పట్ల కృతజ్ఞత అని ఎవరైనా అంటే నాకు అనుమానం. వీళ్ళు తిరిగొచ్చినప్పుడు ఒక్క బాజా మోగలేదు. గుడ్డ దించిన లారీలో తెల్లారకముందే తెచ్చి, చౌరస్తాలో దింపి పోయారు. బియ్యం మిల్లు యజమాని అవెలీనోతో, "అక్కడినుంచి వచ్చినవాళ్ళకి తిక్కుంటుంది, మిషన్ల దగ్గర పెట్టలేను" అన్నాడు. అవెలీనో ఏళ్ళ తరబడి బస్సుల్లో దేశం జెండా స్టిక్కర్లు అమ్ముకున్నాడు. ఆ మిల్లు వాళ్ళబ్బాయే ఇప్పుడు మేయరు. ఏటా ఏప్రిల్ రెండున అవెలీనో చెయ్యి గట్టిగా ఊపి, "దేశం నీకు రుణపడి ఉంది అన్నా!" అంటాడు. నా వైపు తిరిగి, "నువ్వు అదృష్టవంతురాలివమ్మా, ఇద్దరు వీరులు!" అని కూడా అంటాడు. చచ్చినవాణ్ణి ప్రేమించడం ఊరికి సులువు. వాడు ఉద్యోగం అడగడు, తాగడు, తలుపు గట్టిగా పడితే బల్ల కింద దూరడు. ఆ పనులన్నీ చేసే బతికినవాణ్ణి ఊరు నాకు వదిలేసింది.

ఆదివారం నలుగురు వచ్చారు. పెరట్లో అవెలీనో నిప్పుల మీద మాంసం కాలుస్తున్నాడు. మాంసం మగవాళ్ళ పని, అందుకే దాని చుట్టూ చప్పట్లు ఉంటాయి. సలాడు, రొట్టెలు, గిన్నెలు, నాప్కిన్లు నావి. నేను ఉల్లిపాయల పళ్ళెం పట్టుకుని టొలేడో వెనక నిలబడ్డాను. టొలేడో చాకో రాష్ట్రం నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. అప్పటికే రెండు గ్లాసులు తాగి ఉన్నాడు.

"క్రిస్పిన్‌ది ఒక రకంగా అదృష్టమేరా" అన్నాడు. "గుండు పడింది, అయిపోయింది. అబ్బా అనేంత టైము కూడా లేదు వాడికి. నేను పక్క గుంటలోనే ఉన్నాగా."

అవెలీనో నిప్పులు కెలికి, "వైను పోసుకో, టొలేడో" అన్నాడు. నా వైపు చూడలేదు. అతనలా చూపు తప్పించకపోతే నాకు అనుమానమే వచ్చేది కాదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి, ఉప్పు కోసం వచ్చానని నాకు నేనే చెప్పుకుని, ఉప్పు తీసుకోకుండా చాలాసేపు నిలబడిపోయాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతూ అడిగాను. "క్రిస్పిన్ ఏమన్నాడు చివర్న?"

"తాగిన మాటలు పట్టించుకుంటావేంటి జునీ."

"టొలేడో సంగతి కాదు. నిన్ను అడుగుతున్నా."

అవెలీనో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమీ అనలేదు" అన్నాడు. "వాళ్ళమ్మ నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ఏమన్నాడు, ఏమన్నాడు అని. అమ్మా అన్నాడని చెప్పా. 'ఇంకా?' అంది. ఇంకేదో చెప్పాలి కదా. అక్కడ ఆ చలిలో, తిండి లేక, నేను రోజూ అనుకున్న పేరు ఒక్కటే. అదే వచ్చింది నోటికి."

నీళ్ళు కట్టేశాను. లోపల ఏదో ఒకటి మెత్తబడింది, అబద్ధం ఎందుకు? ఈ మాట నలభై ఏళ్ళ క్రితం విని ఉంటే గుమ్మం దాకా పరిగెత్తేదాన్ని. మరుక్షణం ఆ మెత్తదనం మీదా నాకు అనుమానం వచ్చింది. అతను నన్ను తలుచుకున్నాడు, సరే. ఆ తలుచుకున్నదాన్ని తెచ్చి ఇంకొకడి శవం పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత అక్కడికే వచ్చి నన్ను ఓదార్చి, పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళమ్మ మాటలకి నేను నవ్వుతుంటే చూస్తూ ఊరుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ముసలావిడకి ఏం మిగులుతుంది? నీకు నేనున్నాగా."

చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చున్నాను. "ఆవిడకి నేను చెప్పను. నీ మాట అలాగే ఉండనీ. కానీ ఆ మాటకి ఇన్నేళ్ళు నేను కాపలా కాశాను. వచ్చే శనివారం నుంచి నువ్వు కాయి. వేడినీళ్ళు, ఉప్పు. ఎడమ కాలి బొటనవేలు దగ్గర జాగ్రత్త, ఆవిడకి షుగరు."

"నేనా? ఆడవాళ్ళ కాళ్ళు నేనెలా…"

"నేర్చుకుంటావు."

మర్నాడు మునిసిపాలిటీకి వెళ్ళి, విగ్రహం మీద నా పేరు వద్దన్నాను. మారిసెల్ బెంబేలు పడిపోయింది. "నమూనా ఖాయమైపోయింది ఆంటీ! ఊరంతా మీకు కృతజ్ఞత చూపించాలనుకుంటుంటే…"

"నేనేం చేశానని?"

"ఎదురుచూశారు కదా!"

"నేను ఎదురుచూడలేదమ్మా." ఈ మాట పైకి అనడం అదే మొదలు. ఎవరూ కొట్టలేదు, కప్పు కూలలేదు. "ఆ పిల్లని ఉంచుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం. నా పేరు మాత్రం రాయకండి."

పేరు లేని పిల్ల దేనికని మేయరు విసుక్కున్నాడట. రెండో తారీకున తెర లాగితే క్రిస్పిన్ ఒక్కడే ఉన్నాడు. నేను జనంలో వెనక నిలబడ్డాను. నా పేరు పక్కన లేకపోయేసరికి ఆ పిల్లాడు నాకు మొదటిసారి తిన్నగా గుర్తొచ్చాడు. వరిమళ్ళలో పని చేస్తూ కూడా కప్పలంటే వణికిపోయేవాడు. డాన్సులో నా కాలు తొక్కి చెవులదాకా ఎర్రబడ్డాడు. ఎవరి పేరూ అనే టైము లేకుండా పోయాడు. వాడి కోసం ఏడ్చాను, ఎవరూ చెప్పకుండా. పక్కనున్నావిడ, "ఎంతైనా మొదటి ప్రేమ" అని నా భుజం తట్టింది. ఆవిడ చెయ్యి తీసేశాను.

ఇదంతా కాకముందే, మేం మాట్లాడుకున్న ఆ వారం శనివారం అవెలీనో గొణుక్కుంటూ అపొలోనియమ్మ ఇంటికి వెళ్ళాడు. పొద్దువాలాక మోచేతుల దాకా తడిసి తిరిగొచ్చాడు. నేను మాతే కలుపుకుని ఒక్కదాన్నే తాగుతూ వాకిట్లో కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు.

"కోడలేదీ అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఒంట్లో బాలేదని చెబుదామనుకున్నా." తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "చెప్పలేదు. జునిల్డాకి రావాలని లేదు పెద్దమ్మా, అన్నా."

మాతే మగ్గులో మళ్ళీ వేడినీళ్ళు పోసుకున్నాను. నా పేరు మీద అవెలీనో ఆ ఇంట్లో చెప్పిన మొదటి నిజం అది.