కోడలి చీపురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఉంటే ఉండనీ, ముక్కు నాది. కానీ ఆ సోమవారం మావయ్య పిలిచినప్పుడు మాత్రం కాస్త ఆగి వినాల్సింది.

మా మావయ్య గడియారాలు బాగుచేస్తారు. నలభై ఏళ్ళు బజారులో కొట్టు నడిపారు. మోకాళ్ళు మొరాయించాక కొట్టు మూసేసి, మా హాల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఆ పనే చేస్తున్నారు. కంటికి భూతద్దం బిగించుకున్నారంటే ఇక ఇల్లూ మనుషులూ ఏవీ కనపడవు. భోజనం చల్లారిపోతోంది మావయ్యా అని మూడుసార్లు అరిస్తే నాలుగోసారి "పిలిచావా?" అంటారు.

ఉదయం పూట మాత్రం ఆ భూతద్దం పక్కన పెట్టి ఫోను పట్టుకుంటారు. షేర్లు. పెద్ద వ్యాపారమేం కాదు, వారానికి ఒకసారి తనకి నచ్చిన కంపెనీలో కొద్దిగా కొంటారు. అదీ మార్కెట్ తెరవగానే కొనాలి, ఆయన పట్టు అది. ఆయన వాడే యాప్ మా కంపెనీదే. నేను అక్కడ టెస్టర్‌ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. "తప్పులు పట్టడానికి జీతం కూడా ఇస్తారా? ఇంట్లో ఉచితంగానే పడుతున్నావే!" అని పెళ్ళైన కొత్తలో మా ఆయన తెగ ఆశ్చర్యపోయారు.

ఆ సోమవారం నేను ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం వెతుక్కుంటున్నాను.

"అమ్మాయ్, ఒక్కసారే నొక్కాను. రెండుసార్లు కొనేసింది" అన్నారు మావయ్య.

"మీరే రెండోసారి నొక్కి ఉంటారు మావయ్యా."

"లేదమ్మా. నొక్కి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను."

"రికార్డులో రెండు ఆర్డర్లున్నాయి కదా. ఆ యాప్‌ని మేం క్షుణ్ణంగా పరీక్షించాకే బయటికి వదిలాం. నేనే సంతకం పెట్టాను" అన్నాను. చెప్పు దొరికింది, వెళ్ళిపోయాను.

పై వారం మళ్ళీ అదే జరిగింది. ఆ పై వారం కూడా. మూడోసారి మావయ్య నాతో వాదించలేదు. తన వేళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నారు.

ఇక మా ఆయన మొదలుపెట్టారు. నాన్నకి మతిమరుపు వచ్చిందన్నారు. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారే, మా ఇంట్లో అలాగే అయింది. తాళంచెవి కనపడకపోతే నాన్న. కుళాయి కారుతుంటే నాన్న. ఒకరోజు స్టవ్ మీద పాలు మాడిపోయి ఇల్లంతా పొగ కమ్మింది. నేను పరిగెత్తి స్టవ్ ఆపేసరికి మా ఆయన హాల్లోంచి "నాన్నా, ఆపడం మర్చిపోయావా?" అని అరిచారు. మావయ్య కాసేపు ఆలోచించి "మర్చిపోయానేమోరా" అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "నువ్వు చూశావు కాబట్టి సరిపోయింది. ఇల్లు కాపాడావు తల్లీ" అన్నారు. నేను తలెత్తకుండా మాడిన గిన్నె తోముకుంటూ నిలబడ్డాను.

ఆ వారమే పక్కింటావిడ తన గడియారం కోసం వచ్చింది. మావయ్య దాన్ని విప్పనైనా విప్పకుండా తిరిగి ఇచ్చేశారు. "నా చెయ్యి ఏం చేస్తోందో నాకే తెలియడం లేదమ్మా. ఇంకెవరికైనా చూపించుకో" అన్నారు. ఆమె వెళ్ళాక స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, భూతద్దం అన్నీ తుడిచి చెక్కపెట్టెలో సర్ది, దాన్ని అటక మీద పెట్టమని కొడుక్కి ఇచ్చారు. కిటికీ పక్కన ఉత్త బల్ల మిగిలింది.

ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన, "రేపు సాయంత్రం నీ షేర్ల ఖాతా మూసేద్దాం నాన్నా. మంగళవారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అన్నారు. మావయ్య సరేనన్నట్టు తలూపారు. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది. ఆ తలూపడం చూడలేక నేను కంచం తీసుకుని లేచిపోయాను.

మధ్యాహ్నం ఆ బల్ల తుడుస్తుంటే సొరుగులో ఆయన నోటు పుస్తకం కనపడింది. ఏ గడియారం రోజుకి ఎన్ని సెకన్లు ముందుకి పోతోందో, ఎన్ని సెకన్లు వెనకబడుతోందో రాసుకునే పుస్తకం అది. చివరి పేజీలో గడియారాలు లేవు. ఇలా ఉంది:

"మొదటి సోమవారం. మార్కెట్ తెరిచిన నాలుగో సెకనుకి నొక్కాను. ఒక్కసారే. రెండో ఆర్డర్ పడింది ముప్పై నాలుగో సెకనుకి. రెండో సోమవారం. ఆరో సెకనుకి నొక్కాను. రెండోది ముప్పై ఆరుకి. మూడో సోమవారం. మూడు. ముప్పై మూడు. నేనే నొక్కుతున్నానా?"

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. మూడుసార్లూ తేడా ముప్పై సెకన్లు. మతిమరుపు గంట కొట్టినట్టు ముప్పై సెకన్లకే వస్తుందా? రాదు. మరి ముప్పై సెకన్ల లెక్క ఎవరిదో నాకు తెలుసు. సర్వర్ నుంచి జవాబు రాకపోతే మా యాప్ సరిగ్గా ముప్పై సెకన్లు ఆగి, అదే ఆర్డర్‌ని తనంతట తాను మళ్ళీ పంపుతుంది. మొదటిది ముందే అందితే సర్వర్ రెండోదాన్ని పారేయాలి. అదీ పద్ధతి.

సోమవారం పొద్దున్నే పుస్తకం తీసుకుని మా సీనియర్ ప్రోగ్రామర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని ఆఫీసులో అందరూ నిదానం గారంటారు. ఆఫీసుకి నిప్పంటుకున్నా "నిదానంగా చూద్దాం" అనే మనిషి. పేజీ రెండుసార్లు చదివారు.

"తెరిచిన మొదటి నిమిషంలో జనం ఒక్కసారిగా ఎగబడతారు. మొదటి ఆర్డర్ పోలేదు, వరసలో ఇరుక్కుంది. అది దారిలో ఉండగానే రెండోది బయల్దేరింది. మొదటిది ఇంకా నమోదు కాలేదు కాబట్టి సర్వర్‌కి రెండూ కొత్తవే అనిపించాయి" అన్నారు.

"మరి మా పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? వేలమంది దొంగ ఖాతాదారుల్ని పెట్టి, ఒక్కసారిగా ఎగబడేలా చేసే కదా చూస్తాం!"

ఆయన నాకేసి చూశారు. "నిదానంగా ఆలోచించు. లెక్క తేల్చేముందు నువ్వేం చేస్తావు?"

ఊడుస్తాను. అప్పుడు తట్టింది నాకు. నిన్నటి పరీక్షల ఆర్డర్లు ఇవాళ్టి లెక్కలో కలిసిపోతున్నాయని, ఒకేలా ఉన్న ఆర్డర్లు రెండు కనపడితే ఒకటి తుడిచేసే చిన్న ప్రోగ్రాం రెండేళ్ళ కింద నేనే రాశాను. కొత్త కోడలిలా దుమ్ము మిగల్చదని దాన్ని ఆఫీసులో ముద్దుగా కోడలి చీపురు అంటారు. ఆ చీపురు నిన్నటి చెత్తతో పాటు ఇవాళ్టి తప్పునీ ఊడ్చేస్తోంది. ఊడ్చాక లెక్క అద్దంలా ఉండేది. దాని కింద నేను సంతకం పెట్టేదాన్ని. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.

చీపురు పక్కన పెట్టి పరీక్ష మళ్ళీ నడిపాం. జంట ఆర్డర్లు వందల్లో బయటపడ్డాయి. నిదానం గారు ఫిర్యాదుల చిట్టా తెరిచారు. ఒక్కసారే నొక్కామని ఎంతమంది మొత్తుకున్నారో! అందరికీ మేమిచ్చిన జవాబు ఒకటే: మీరే రెండుసార్లు నొక్కి ఉంటారు. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది తమ వేళ్ళకేసి చూసుకున్నారో అనుకుంటే సిగ్గేసింది. తప్పు నాదేనని మేనేజర్‌కి రాసి, ఖాతాదారులందరికీ క్షమాపణ పంపాలని అడిగి, సాయంత్రానికల్లా ఇంటికొచ్చేశాను.

మావయ్య ఉత్త బల్ల ముందు కూర్చుని ఉన్నారు. మా ఆయన ఖాతా కాగితాలు పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు.

"ఆగండి" అన్నాను. పుస్తకం బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను, చీపురుతో సహా. "మీరు ఒక్కసారే నొక్కారు మావయ్యా. మూడుసార్లూ ఒక్కసారే నొక్కారు. తప్పు మా యాప్‌ది. దాన్ని కప్పిపెట్టింది నేను."

మా ఆయన కాగితాలు మెల్లగా మడిచేశారు. మావయ్య ముఖంలో మాత్రం నేననుకున్న వెలుగు రాలేదు.

"ఫోను సంగతి సరేనమ్మా" అన్నారు. "మరి పాలో? ఆ రోజు స్టవ్ ఆపలేదు కదా నేను. అది యాప్ కాదుగా."

అక్కడితో ఊరుకున్నా నన్ను అడిగేవాళ్ళు లేరు.

"పాలు పెట్టింది నేను మావయ్యా. ఆఫీసు నుంచి ఫోనొస్తే మాట్లాడుతూ మర్చిపోయాను. ఆయన మీ పేరెత్తితే నోరు మూసుకున్నాను. పాలు మాడేదాకా మీరు ఆ రోజు అసలు వంటింట్లోకే రాలేదు."

మా ఆయన నాకేసి చూస్తున్నారని తెలుసు. నేనటు చూడలేదు.

"నీకు దండం పెట్టినంత పని చేశాను, ఇల్లు కాపాడావని" అన్నారు మావయ్య.

"అవును మావయ్యా."

ఆయన కుడిచేయి పైకెత్తి, వేళ్ళు విప్పి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. చెయ్యి వణకలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"ఏడుపు తర్వాత" అన్నారు ఆయన. "ముందు కుర్చీ వేసుకుని అటక మీద పెట్టె దించు. పక్కింటావిడ గడియారం ఇంకెవరి చేతిలోనైనా పడిందో ఏమో, వెళ్ళి పట్రా."