తూలిన మాట

గోడలకు రంగులు వేసే అతన్ని తోటివాళ్లు పిల్లి అని పిలిచేవారు. ఎంత ఎత్తులోనైనా పరంజా పలక మీద చేతులు ఊపుకుంటూ నడిచేవాడు. ఆ చలికాలం పెద్ద జబ్బు చేసి ఆసుపత్రి పాలయ్యాడు. ఇంజెక్షన్లు బతికించాయి గానీ, తిరిగి పనిలోకి వెళ్లాక కాళ్లు అతని మాట వినడం మానేశాయి.

"కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు భార్యతో.

"నీరసం. కడుపునిండా తినండి," అందామె.

ఒకరోజు పరంజా మీద ఒక పక్కకి ఒరిగిపోయాడు. ఆసరా కోసం చాచిన చెయ్యి రంగు బకెట్‌ను నెట్టేసింది. అది కింద గోడకు లప్పం పెడుతున్న బావమరిది పక్కనే పడి పగిలింది. ప్రాణం పోయినంత పనైన ఆ కుర్రాడికి నోరు అదుపు తప్పింది.

"పొద్దున్నే వేసుకొచ్చావా బావా? నన్ను చంపేద్దామనా? నిన్ను కట్టుకుని మా అక్క ఏం బావుకుంది?"

పనివాళ్లంతా విన్నారు. దిగొచ్చినవాడు నేల మీద కూడా తూలేసరికి ఎవరికీ అనుమానం మిగల్లేదు. కాంట్రాక్టరు ఇక రావద్దన్నాడు.

అతను జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సాయంత్రం భార్య కాలరు సర్దుతున్నట్టు దగ్గరికొచ్చి మెల్లగా వాసన చూసింది. అతను గమనించాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయాడు.

చివరికి ఆమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"కళ్లు తిరగడమంటే ఏమిటి? గది గిర్రున తిరుగుతుందా? చీకట్లు కమ్ముతాయా? కాలు నిలవదా? అందరూ అన్నిటికీ ఆ ఒక్క మాటే చెప్తారు," అంది డాక్టరమ్మ.

అతను ఆలోచించాడు. "ఏదీ తిరగదమ్మా. పడవలో నిలబడ్డట్టుంటుంది."

పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమంది. మూసీ మూయగానే ఆమె మీదికే ఒరిగాడు.

"మనిషిని నిలబెట్టేది చెవి లోపల ఉంటుంది. జబ్బుకి చేసిన ఆ ఇంజెక్షన్ల వల్ల మీకు రెండు చెవుల్లోనూ అది దెబ్బతింది. ఇక మీ కళ్లే ఆసరా. వెలుతురులో నడవగలరు, చీకట్లో తోడు కావాలి. ఎత్తులు మాత్రం ఎక్కొద్దు."

"ఎన్నాళ్లు?"

"ఇక ఎప్పటికీ అంతే," అంది డాక్టరమ్మ, అతని భార్య వైపు చూస్తూ.

సంగతి తెలిసి బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "ఏదో మాట తూలాను బావా. మనసులో పెట్టుకోకు."

"నాకేం కోపం లేదురా. కానీ ఆ మాట వీధంతా తిరుగుతోంది. ఎవరి చెవినని పట్టుకుని నా చెవి సంగతి చెప్తావు?"



ఇప్పుడతను వడ్రంగి కొట్టులో కూర్చుని తలుపులకు వార్నిష్ వేస్తాడు. పొద్దుగూకే వేళకు భార్య వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపిస్తుంది. ఒక సాయంత్రం ఎదురొచ్చిన ముసలాయన, అతను తూలడం చూసి దారి ఇస్తూ పక్కకి జరిగాడు.

"ఆయన తాగరు!" అని అరిచిందామె.

ముసలాయన బిత్తరపోయాడు. "నేనేమీ అనలేదమ్మా."

అతను భార్య చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ మసక వెలుతురులో ఇద్దరూ అడుగు ముందుకు వేయలేక, కాసేపు అక్కడే నిలబడిపోయారు.