ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు

సీతమ్మధారలోని ఆ స్కూల్లో గురునాథరావు మాస్టారు ఇరవై రెండేళ్లుగా సంగీతం చెబుతున్నారు. పొద్దుటి ప్రార్థన ఆయన హార్మోనియంతోనే మొదలయ్యేది, దానితోనే ముగిసేది. 1998 జూన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర ఉండే షబానా లెక్కల టీచరుగా చేరింది. ఆమెకు పాడటం కూడా వచ్చని తెలిసి హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి పిల్లల బృందగానానికి సాయంగా వేశారు.

రోజూ ప్రార్థన పాట ఎత్తుకునే ముందు ఐదు నిమిషాలు కావాలని ఆమె మాస్టారుని అడిగింది.

"గొంతులు వేడెక్కాలి కదా మాస్టారూ."

"వేడెక్కడానికి ఇదేటమ్మా, పొయ్యా?" అని నవ్వి సరేనన్నారాయన.

మొదటిరోజే పిల్లల చేత పెదాలు బుర్రుమనిపించింది. జాలరిపేట నుంచి వచ్చే తొమ్మిదో తరగతి దుర్గ, "టీచర్, మా నాన్న బోటు ఇంజను ఇలాగే మోగుతాది!" అంటే అందరూ పగలబడి నవ్వారు. తర్వాత నోరు మూసుకుని రాగం తీయడం, ఆమె కొట్టిన చప్పట్ల లయను తిరిగి కొట్టడం. చివర్లో ఒక ఆట. స రి గ మ ప పాడుతూ వెళ్తారు. ఆమె పిడికిలి బిగిస్తే స్వరాన్ని మనసులోనే పాడుకోవాలి. విప్పగానే తర్వాతి స్వరాన్ని సరిగ్గా అందుకోవాలి.

ఆగస్టుకల్లా పిల్లలు ఒకరి గొంతు ఒకరు వినడం నేర్చారు. పాట మధ్యలో శ్రుతి జారితే వాళ్లే సర్దుకునేవారు. హార్మోనియం వైపు ఎవరూ చూడటం లేదు. స్టాఫ్ రూములో ఎవరో "షబానా గారి పిల్లలు" అన్నారు. ఆ మధ్యాహ్నం మాస్టారుకి అన్నం సహించలేదు.

ఇంటికెళ్లి గది తలుపేసుకుని ఆ ఆట తనూ ఆడారు. స, రి పాడి, రెండు స్వరాలు మింగి, ప అందుకున్నారు. హార్మోనియం మెట్టు నొక్కి చూస్తే తన పంచమం దిగువన ఉంది. మళ్లీ పాడారు. మళ్లీ దిగువనే.

"ఏటండీ, సగం పాడి ఆపేత్తన్నారు?" అని వంటింట్లోంచి భార్య చిట్టమ్మ అడిగింది.

మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారు. "పిల్లల చదువు టైము పోతంది, తల్లిదండ్రులు గోల పెడతన్నారండీ" అన్నారు. ఏ తల్లీ, ఏ తండ్రీ ఏమీ అనలేదు. ఆ ఐదు నిమిషాలు రద్దయ్యాయి. షబానా లెక్కల పుస్తకం తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆయనకు హాయిగానే ఉంది. మూడోరోజు సైకిల్ స్టాండు వెనక బుర్రుమని చప్పుడు వినిపిస్తే వెళ్లి చూశారు. దుర్గ పిడికిలి ఎత్తి నిలబడింది. ఎదురుగా ఎనిమిది మంది పిల్లలు, ఊపిరి బిగబట్టి. ఆ పిల్ల పిడికిలి విప్పగానే ఎనిమిది గొంతులూ ఒక్క పంచమం మీద వాలాయి. అప్పుడు పిల్లలు ఆయన్ని చూసి బెదిరిపోయారు.

"టీచర్ సెప్పలేదు మాస్టారూ, మేమే సేత్తన్నాం. ఆవిణ్ణి ఏటీ అనకండి" అంది దుర్గ.

తన నుంచి టీచరును కాపాడాలని ఈ పిల్ల చూస్తోంది! మాస్టారుకి తల కొట్టేసినట్టయింది. తిన్నగా హెడ్మాస్టరు గదికి నడిచారు.

"ఎవరూ ఫిర్యాదు సెయ్యలేదండీ. నానే కల్పించాను."

శ్రీరామ్మూర్తి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ మాట నాక్కాదు, ఆవిడికి సెప్పండి."

షబానా చివరిదాకా విన్నది. "నా తప్పేటో అని మూడ్రోజులు వెతుక్కున్నాను మాస్టారూ" అంది. పర్లేదని అనలేదు. "రేపు పొద్దున్న రండి. హార్మోనియం పెట్టె మాత్రం తేకండి."

మర్నాడు ఆ ఐదు నిమిషాలు మళ్లీ మొదలయ్యాయి. మాస్టారు వెనక వరసలో దుర్గ పక్కన నిలబడ్డారు. పిడికిలి విప్పగానే ఆయన స్వరం తప్పింది.

"పైకి మాస్టారూ, ఇంకొంచెం పైకి" అని దుర్గ గుసగుసగా చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ పంచమం కుదరడానికి దసరా దాకా పట్టింది.

వార్షికోత్సవంలో ముఖ్య అతిథి పిల్లల పాటను మెచ్చుకుంటూ షబానా పేరొక్కటే చెప్పారు. మాస్టారు గుండెలో చురుక్కుమంది. అందరికంటే కాస్త ఆలస్యంగానే అయినా, ఆయనా చప్పట్లు కొట్టారు.